తొంభై శాతం అయిపోయిన యాప్ బయటికి వచ్చేదెప్పుడు?

సొంతంగా యాప్‌లు, చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసుకునే పాఠకుల నుంచి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు. అడిగిన తీరు వేరైనా చాలామంది బాధ ఒకటే: మొదలుపెట్టాం, చాలావరకు అయింది, జనం చేతికి మాత్రం వెళ్ళడం లేదు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే అందులో ఉన్న చిక్కు మిగతావాళ్ళకీ ఉన్నదే.

ప్రశ్న: అన్నా, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, మాది పత్తికొండ దగ్గర పల్లె. మా నాన్న ఊళ్ళో పాల కేంద్రం చూసుకుంటాడు. రెండు పూటలా పాలు పోసేవాళ్ళ లెక్క నోటు పుస్తకంలో రాసి, పదిహేను రోజులకోసారి కూర్చొని బిల్లులు కడతాడు. ఆయన కష్టం చూడలేక యాప్ మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. మొదట కోట్లిన్‌లో రాశా, ఐఫోన్‌లో కూడా రావాలని ఫ్లట్టర్‌కి మార్చా, ఇప్పుడు సర్వర్ వైపు మొత్తం మళ్ళీ రాస్తున్నా. లాగిన్, గ్రాఫులు, డార్క్ మోడ్, మూడు భాషలు అన్నీ ఉన్నాయి. తొంభై శాతం అయిందనుకుంటా. నాన్న మాత్రం ఇంకా పుస్తకంలోనే రాస్తున్నాడు. ఇలాంటి యాప్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి కదా, వదిలేయమంటావా? - ఒక పాఠకుడు, పత్తికొండ

జవాబు: వదిలేయొద్దు తమ్ముడూ. అయితే ఒక మాట సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకు. నువ్వు చెప్పిన ఫీచర్లలో మీ నాన్న నాకు ఎక్కడా కనబడలేదు. కేంద్రం నడిపేది ఆయన ఒక్కడే, మరి లాగిన్ ఎవరి కోసం? పొద్దున చీకటితోనే క్యాన్లు, చెంబులు పట్టుకొని జనం వచ్చి నిలబడతారు, పాలు కొలవాలి, శాంపిల్ తీసి మిషన్లో ఫ్యాట్ చూడాలి, పేరు, లీటర్లు, ఫ్యాట్ రాసుకొని తర్వాతి మనిషిని పిలవాలి, చేతులు తడిగా ఉంటాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, సిగ్నల్ సంగతి నీకే బాగా తెలుసు. అలాంటి చోట గ్రాఫు ఎవరూ చూడరు. ఆయనకి కావలసింది పొద్దుటి ఎంట్రీ, సాయంత్రం ఎంట్రీ, పదిహేను రోజులకి మనిషికొక చీటీ. ఈ మూడూ ఇవాళ నీ యాప్‌లో నెట్ లేకుండా పనిచేస్తాయా? పనిచేస్తే ఈ ఆదివారమే ఆయన ఫోన్లో వేసి రా. పనిచేయకపోతే ఆ తొంభై శాతం అన్న అంచనాని పక్కన పెట్టు.

ఆ అంచనాలో మోసపోయేది నువ్వొక్కడివే కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పనిచేసిన టామ్ కార్గిల్ అన్న మాటని 1985లో జాన్ బెంట్లీ తన శీర్షికలో అచ్చువేశారు, ప్రోగ్రామర్లందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు: మొదటి తొంభై శాతం కోడ్‌కి తొంభై శాతం టైము పడుతుంది, మిగిలిన పది శాతానికి ఇంకో తొంభై శాతం టైము పడుతుంది. ఆ మిగిలిన పదిలో ఉండేదంతా విసుగు పుట్టించే పనే. ఫోన్ పోతే లెక్కలు ఎలా తిరిగి వస్తాయి, పొరపాటున 4.2 బదులు 42 కొడితే యాప్ ఆపుతుందా, చత్వారం ఉన్న మనిషికి అంకెలు కనబడతాయా, పాత వెర్షన్ మీద కొత్తది వేస్తే డేటా ఉంటుందా పోతుందా. ఇవి చేస్తుంటే కొత్తగా ఏదీ నేర్చుకున్నట్టు ఉండదు, పక్కన ఫ్రెండ్‌కి చూపించడానికీ ఏమీ ఉండదు. అందుకే చెయ్యి దానంతటదే కొత్త ఫ్రేమ్‌వర్క్ వైపు పోతుంది. కంపెనీలో ఈ పనులకి టెస్టింగ్ వాళ్ళు ఉంటారు, ఎప్పుడిస్తావు అని అడిగే మేనేజర్ ఉంటాడు. ఇంట్లో రాసేదానికి అడిగేవాడు ఉండడు. మీ నాన్న నిన్ను ఎప్పటికీ అడగడు కూడా, కొడుకు ఏదో చేస్తున్నాడులే అని మురిసిపోతూ పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. నాకు ఈ ఉత్తరంలో మనసుకి పట్టింది అదే.

కాబట్టి సర్వర్ తిరగరాయడం ఇవాళే ఆపు. ఒక్క ఫోనుకి సర్వర్ అక్కర్లేదు, ఫోన్లోనే ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఒక ఊరి పాల లెక్కలకి ఏళ్ళ తరబడి సరిపోతుంది. లాగిన్, గ్రాఫులు, మిగతా రెండు భాషలు తీసి పక్కన పెట్టు. తుడిచేయమని అనడం లేదు, కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో వేరే బ్రాంచ్‌లో, అంటే విడి కాపీగా పెట్టుకో, ఎక్కడికీ పోవు. ఒక కాగితం మీద మొదటి వెర్షన్లో ఏముంటాయో రాసి, కొత్త ఆలోచన వచ్చినప్పుడల్లా కాగితం వెనకవైపు రాసుకో, ముందువైపు మాత్రం ముట్టుకోకు. వారానికి ఒక్కరోజే దొరికేవాళ్ళకి ఇంకో అవస్థ ఉంటుంది, శనివారం కోడ్ తెరిస్తే పోయినసారి ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే సగం రోజు పోతుంది. ఆపే ముందు, తర్వాత చేయాల్సిన పని ఏంటో రెండు లైన్లు ఆ ఫైల్లోనే రాసి మూసేయి. చిన్న సంగతే గానీ చాలా పనిచేస్తుంది.

ఫీచర్లు ఎన్ని తగ్గించినా పరవాలేదు, డబ్బు లెక్క మాత్రం పైసా కూడా తేడా రాకూడదు. ఇక్కడ మెల్లగా వెళ్ళు. రూపాయలని దశాంశాల ఫ్లోట్ నంబర్లుగా పెట్టొద్దు, పైసల్లో పూర్ణాంకాలుగా దాచు. కంప్యూటర్ ఫ్లోట్ లెక్కలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, ఈ సంగతి నీకు తెలిసే ఉంటుంది, కానీ పదిహేను రోజుల్లో ముప్పై పూటలు, ఊళ్ళో అంతమంది, ఆ చిన్న తేడా ఎక్కడో ఒక చీటీలో బయటపడుతుంది. రౌండింగ్ కూడా మీ నాన్న పుస్తకంలో ఎలా చేస్తాడో అడుగు: పూటపూటకీ రూపాయికి సరిచేస్తాడా, బిల్లు చివర ఒకేసారి చేస్తాడా? యాప్ కూడా అలాగే చేయాలి, ఎందుకంటే చీటీ తీసుకున్న ఆవిడ ఇంటికెళ్ళి కొడుకు చేత క్యాలిక్యులేటర్‌లో వేయిస్తుంది. ఇంకోటి రేటు చార్టు. డెయిరీ వాళ్ళు ఫ్యాట్‌ని బట్టి, ఎస్ఎన్ఎఫ్‌ని (పాలలో ఫ్యాట్ కాక ఉండే మిగతా ఘనపదార్థాలు) బట్టి ఇచ్చే రేట్లు బిల్లు మధ్యలో కూడా మారొచ్చు. ఏ తేదీ నుంచి ఏ రేటు అన్నది చార్టుతో పాటు దాచాలి, లేకపోతే కొత్త రేటు ఎక్కించగానే పాత రోజుల లెక్కలన్నీ మారిపోతాయి. నీ కోడ్ తెరిచి ముందు ఇదే చూడు.

చీటీ ప్రింట్ విషయంలో ఒక హెచ్చరిక. బస్సు టికెట్ సైజు కాగితం మీద వేసే చిన్న బ్లూటూత్ థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా తెలుగు అక్షరాలు ఉండవు, తెలుగు పంపితే చెత్త గుర్తులు పడతాయి. చీటీ మొత్తాన్ని బొమ్మగా తయారుచేసి పంపాలి. 58 మిల్లీమీటర్ల ప్రింటర్లలో సాధారణంగా అడ్డంగా 384 చుక్కలు ఉంటాయి, బొమ్మ వెడల్పు దానికి సరిపెట్టు. ఇది కుదరడానికి టైము పట్టేట్టుంటే మొదటి వెర్షన్లో ప్రింటే వద్దు, చీటీని బొమ్మగా వాట్సాప్‌లో పంపనీ, ఫోన్ లేనివాళ్ళకి నాన్న చూసి రాసిస్తాడు.

బ్యాకప్ లేకుండా మాత్రం ఇవ్వొద్దు. రాత్రి ఒక్క బటన్ నొక్కితే ఆ రోజు వరకు ఉన్న లెక్కలన్నీ ఒక ఫైలుగా నీ వాట్సాప్‌కి వచ్చేట్టు చెయ్యి. ఆ ఫైలుని ఇంకో ఫోన్లో ఎక్కించి అన్నీ తిరిగి వచ్చాయో లేదో నువ్వే ఒకసారి చూడు. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ని నమ్మకు.

ఇవన్నీ అయ్యాక, కొత్త బిల్లు మొదలయ్యే రోజుకి ఊరికి వెళ్ళు. వీలైతే రెండు రోజులు సెలవు పెట్టి, రెండు పూటలూ కేంద్రం దగ్గర నిలబడు, ఏమీ మాట్లాడకుండా ఆయన ఎక్కడ తడబడుతున్నాడో చూడు. ఒక బిల్లు అయ్యేదాకా పుస్తకమూ ఉండాలి, యాప్ కూడా ఉండాలి. చివరి రోజు రెండిటినీ పక్కపక్కన పెట్టి మనిషి మనిషికీ సరిచూడండి. తేడా వచ్చిన చోట కొన్నిసార్లు పుస్తకమే తప్పు అవుతుంది, అప్పుడు మాత్రం నాన్నతో జాగ్రత్తగా మాట్లాడు.

ఇప్పటికే ఇలాంటి యాప్‌లు ఉన్నాయి కదా అన్నావు. ఉండనీ. మీ డెయిరీ రేటు చార్టు మారిన రోజు సాయంత్రానికల్లా సరిచేసి ఇచ్చే మనిషి వాటికి లేడు, మీ నాన్నకి ఉన్నాడు. లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో తన ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గురించి చెప్పినప్పుడు అది సరదాకి చేస్తున్నదేనని, పెద్దగా ఏమీ అవదని రాశాడు, సెప్టెంబరులో 0.01 వెర్షన్ ఇచ్చేశాడు. 1.0 అని పేరు పెట్టింది 1994 మార్చిలో. ఈ మధ్య కాలమంతా లినక్స్ జనం చేతుల్లో ఉంటూనే పెరిగింది. నీది 0.01 అనుకొని ఇవ్వు.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. డీఎస్సీకి చదివేవాళ్ళ కోసం క్విజ్ యాప్ చేశా. ప్లే స్టోర్‌లో పెడదామంటే 12 మంది టెస్టర్లు, 14 రోజులు అంటున్నారు. డబ్బులిస్తే టెస్టర్లని చూపించేవాళ్ళు ఉన్నారంట. ఇంకా ఏమేం అడుగుతారో అని టెన్షన్‌గా ఉంది. - ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: నువ్వు విన్నది నిజమే తమ్ముడూ. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకి ఈ నిబంధన ఉంది. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12కి తగ్గించారు. ఆ 12 మందీ క్లోజ్డ్ టెస్ట్‌లో (నువ్వు పిలిచినవాళ్ళు మాత్రమే వాడి చూసే దశ) వరసగా 14 రోజులు ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చేయడానికి అనుమతి అడగొచ్చు, అప్పుడు టెస్టింగ్ ఎలా జరిగిందో కొన్ని ప్రశ్నలకి రాతలో జవాబివ్వాలి. మధ్యలో ఎవరైనా బయటికి వెళ్ళిపోతే లెక్క తప్పుతుంది కాబట్టి 12తో సరిపెట్టకుండా ఇంకొందరిని కలుపుకో. ఖాతా తెరవడానికి 25 డాలర్లు, ఒకసారి కడితే చాలు. ఆపిల్ అయితే ఏటా 99 డాలర్లు.

డబ్బులిచ్చి టెస్టర్లని కొనొద్దు. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. ఆ 14 రోజులు నీకు ఉచితంగా దొరికే అవకాశం. క్లాసులో ఫ్రెండ్స్‌ని కాకుండా నిజంగా డీఎస్సీకి చదువుతున్నవాళ్ళని పట్టుకో, కోచింగ్ సెంటర్ దగ్గర, లైబ్రరీ రీడింగ్ రూములో, యూనివర్సిటీ హాస్టల్లో అడిగితే దొరుకుతారు. ఫ్రెండ్ అయితే "సూపర్ మామా" అని వదిలేస్తాడు, పరీక్ష రాసేవాళ్ళు ఫలానా ప్రశ్నకి జవాబు తప్పు అని తిట్టి మరీ చెబుతారు, నీకు కావలసింది అదే. వాళ్ళు చెప్పినవి సరిచేసి ఆ రెండు వారాల్లోనే కొత్త వెర్షన్లు పంపు. అనుమతి అడిగేటప్పుడు రాయడానికి నీ దగ్గర నిజమైన మాటలు ఉంటాయి.

టెస్టర్ల కంటే నన్ను కంగారు పెట్టేది వేరే ఉంది. ఆ ప్రశ్నలు ఎక్కడివి? గైడ్లలోంచి ఎక్కించి ఉంటే అది కాపీరైట్ తప్పు, ఫిర్యాదు వస్తే యాప్ తీసేస్తారు, నీ ఖాతాకే ముప్పు. సిలబస్ చూసి సొంతంగా రాసుకున్న రెండు వందల ప్రశ్నలతో యాప్ వదలడం, ఎత్తిపోసిన పది వేల ప్రశ్నలతో వదలడం కంటే ఎంతో నయం.

మిగతావి త్వరగా చెబుతాను. నువ్వు ఏ డేటా తీసుకోకపోయినా ప్రైవసీ పాలసీ లింకు అడుగుతారు. డేటా సేఫ్టీ ఫారం నింపేటప్పుడు, ప్రకటనల కోసం పెట్టిన కోడ్ సేకరించేది కూడా నువ్వు సేకరించినట్టే రాయాలి. యాప్ మీద డబ్బు సంపాదించేట్టయితే నీ పూర్తి చిరునామా స్టోర్‌లో అందరికీ కనబడుతుంది, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పు. యాప్ నీదేనని డిజిటల్‌గా సంతకం చేసే కీ ఫైలు, దాని పాస్‌వర్డ్ రెండు చోట్ల దాచు. ఇప్పుడు గూగుల్ దగ్గరే అసలు కీ ఉంటుంది కాబట్టి నీ అప్‌లోడ్ కీ పోయినా మార్పించుకోవచ్చు, అయినా ఆ తిప్పలెందుకు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి, పెట్టే ముందు ప్లే కన్సోల్‌లో ఉన్నది ఒకసారి చదువుకో.

అసలు క్విజ్‌కి యాపే కావాలా అన్నది కూడా ఆలోచించు. గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా ఒక వెబ్ పేజీగా పెట్టి లింకు వాట్సాప్ గ్రూపులో వేస్తే ఈ సాయంత్రానికే జనం ఆడతారు. ప్లే స్టోర్ పని పక్కన జరుగుతూ ఉంటుంది.

ప్రశ్న: నమస్తే అండీ. కడపలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మూడో తరగతి పిల్లల కోసం పదంలో తప్పిపోయిన అక్షరం కనిపెట్టే ఆట వెబ్ పేజీగా చేసుకున్నాను, కోడింగ్ నేనే నేర్చుకున్నాను. నా కంప్యూటర్లో బాగానే ఉంది కానీ కొన్ని పదాల్లో ఒత్తులు విడిపోతున్నాయి, ఒక్కోసారి సరైన జవాబుని కూడా తప్పంటోంది. డీటీపీ షాపులో టైపు చేయించిన పదాల పట్టిక అయితే పిచ్చి గుర్తులుగా వస్తోంది. తోటి టీచర్లకి పంపాలంటే తప్పులు పడతారేమోనని భయం. - ఒక ఉపాధ్యాయురాలు, కడప

జవాబు: అమ్మా, మీ కోడ్ బాగాలేక వచ్చిన తప్పులు కావు ఇవి, తెలుగుతో ప్రోగ్రాం రాసే ప్రతివాళ్ళకీ ఎదురయ్యేవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

మన కంటికి లక్ష్మి అంటే రెండక్షరాలు. కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో అది ఏడు కోడ్‌లు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. స్త్రీ అనే ఒక్క అక్షరంలోనే ఆరున్నాయి. ప్రోగ్రాంలో పదం పొడవు అడిగి ఏదో ఒకచోట కోస్తే ఒత్తు మధ్యలో కోసేస్తుంది, మీకు విడిపోయి కనబడేది అదే. అక్షరాల గుంపులుగా విడదీసే సదుపాయం చాలా భాషల్లో ఉంది గానీ, పాతవాటిలో లక్ష్మిని ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు చేస్తారు. సంయుక్తాక్షరాన్ని ఒకటిగా ఉంచే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది, దానికి తగ్గట్టు ఉన్న బ్రౌజర్లలోనే క్ష్మి ఒకటిగా వస్తుంది. పిల్లల ఫోన్లు పాతవి కూడా ఉంటాయి కాబట్టి దాన్ని నమ్ముకోకుండా మీరే చిన్న నియమం రాసుకోండి: పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసే ఉండాలి. లేదా ఇంకా సులువుగా, పట్టికలోనే ప్రతి పదాన్ని అక్షరాలుగా విడదీసి మధ్యలో గీత పెట్టి దాచుకోండి. మూడో తరగతి పదాలెన్ని ఉంటాయి, ఒక ఆదివారం పని.

సరైన జవాబుని తప్పనడానికి కారణం, నా అంచనా, కంటికి కనబడని ఒక గుర్తు. సాఫ్ట్‌వేర్ అనే మాటలో టకి వత్తు పడకుండా పొల్లుగా నిలవడానికి మధ్యలో ఒక కనబడని కోడ్ టైపు అవుతుంది. ఒకరు దానితో టైపు చేస్తారు, ఇంకొకరు లేకుండా చేస్తారు. సరిపోల్చే ముందు రెండు వైపుల నుంచీ ఆ గుర్తునీ, చివరి ఖాళీలనీ తీసేయండి.

డీటీపీ పట్టిక పాత అను ఫాంట్లలో ఉండి ఉంటుంది. అవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు పెట్టినవి, ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గుర్తులే వస్తాయి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, షాపు వాళ్ళనే యూనికోడ్‌లో ఇవ్వమని అడగండి. మార్చాక ఒత్తులన్నీ కళ్ళతో ఒకసారి చూడాలి. ఎవరి ఫోన్లో అయినా ఒకేలా కనబడాలంటే నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ని పేజీతో పాటే ఇచ్చేయండి, దాని లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది.

ఇక భయం గురించి. మీ ఊళ్ళో ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా. ఆ సి.పి. బ్రౌన్ వేమన పద్యాలని 1829లో అచ్చువేసినప్పుడు అందులో ఉన్నవి 693. పదేళ్ళ తర్వాత 1839లో మళ్ళీ వేసినప్పుడు 1164. మొదటిసారే అన్నీ దొరికేదాకా ఆయన ఆగలేదు. మీరూ ముందు మీ బడిలోనే ఒక్క టీచరుకి ఇవ్వండి, ఆవిడ పిల్లలు ఆడుతుంటే చూడమనండి. పేజీ కింద "తప్పు కనబడితే ఇక్కడ చెప్పండి" అని ఒక లింకు పెట్టండి. తప్పు చెప్పినవాళ్ళు మీ ఆటని చివరిదాకా ఆడినవాళ్ళు, వాళ్ళు మీకు చాలా అవసరం. మన పిల్లలకి తెలుగులో ఇలాంటివి ఎంత తక్కువున్నాయో మీకంటే ఎవరికి తెలుసు, దయచేసి దాచుకోకండి.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాను. ఇంటి నుంచే ఒక కంపెనీకి పనిచేస్తున్నా. రాత్రిళ్ళు సొంతంగా రాసిన లైబ్రరీని (వేరే ప్రోగ్రాముల్లో కలిపి వాడుకునే కోడ్) అందరూ చూసి వాడుకునేట్టు ఓపెన్ సోర్స్‌గా పెడదామనుకుంటున్నా. కంపెనీతో ఇబ్బంది వస్తుందా? లైసెన్సు ఏది పెట్టాలి? - ఒక పాఠకుడు

జవాబు: 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనల కిందకే వస్తాయి. 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే. రాత్రిళ్ళు సొంతంగా రాసింది అందులోకి వస్తుందా రాదా అన్నది మీ ఒప్పందంలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది, కొన్ని కంపెనీలు ఉద్యోగకాలంలో ఏం రాసినా మాదే అని రాయించుకుంటాయి. ఆఫర్ లెటరు, దానితో సంతకం పెట్టిన కాగితాలు బయటికి తీసి చదవండి. అనుమానం ఉంటే మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, నోటి మాట చాలదు. కంపెనీ లాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకండి.

లైసెన్సు ఫైలు లేకుండా పెడితే జనం చదవగలరు గానీ వాడుకునే హక్కు రాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎవరు ఎలా వాడుకున్నా సరే, నా పేరు ఉంటే చాలనుకుంటే ఎంఐటీ. మార్చి పంచేవాళ్ళు తమ కోడ్ కూడా అలాగే ఇవ్వాలనుకుంటే జీపీఎల్. ఇంకొక్క సంగతి, పాస్‌వర్డు గానీ ఏపీఐ కీ (వేరే సర్వీసుని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) గానీ ఎప్పుడైనా గిట్‌లో కమిట్ చేసి, అంటే భద్రపరిచి ఉంటే, ఫైలు తీసేసినా గిట్ చరిత్రలో అది ఉంటుంది. పబ్లిక్ చేసే ముందే ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ప్రశ్న: అన్నా, టైలర్లు కస్టమర్ల కొలతలు రాసుకునే యాప్ ఉచితంగా వదిలాను. ప్రొద్దుటూరులో, పక్క ఊళ్ళలో వాడుతున్నారు. రాత్రి పదకొండుకి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఇంట్లో పసిబిడ్డ ఉంది, నాకు ఓపిక లేదు. ఆపేస్తే తప్పా? - ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పు కాదు. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన జన్మంతా చూసుకుంటానని మాటిచ్చినట్టు కాదు. అయితే పండగ సీజన్లో మాత్రం ఆపకు, టైలర్లకి అప్పుడు ఊపిరాడదు.

ఆపే ముందు ఒకటి ఆలోచించు, నిన్ను అలిసిపోయేట్టు చేస్తున్నది యాపా, ఫోన్లా? నీ సొంత నంబరు యాప్‌లోంచి తీసేసి ఒక మెయిల్ ఐడీ పెట్టు, ఆదివారం మాత్రమే జవాబిస్తానని రాయి. ఎక్కువగా అడిగే ప్రశ్నలకి రెండు నిమిషాల వీడియో తీసి యాప్‌లోనే పెట్టు. చాలావరకు తగ్గుతాయి. కొత్త ఫీచర్లు ఉండవని చెప్పేయడానికి మొహమాటపడకు. అలా నిలబెట్టినా ఏడాదికోసారి కొంత పని తప్పదు, కొత్త ఆండ్రాయిడ్‌లకి తగ్గట్టు టార్గెట్ వెర్షన్ పెంచుకుంటూ పోకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్ళకి ప్లే స్టోర్‌లో నీ యాప్ దొరకదు.

అప్పటికీ ఆపాల్సిందే అనుకుంటే, ముందు కొలతలన్నీ ఒక్క బటన్‌తో సీఎస్‌వీ ఫైలుగా బయటికి వచ్చేట్టు ఒక చివరి అప్‌డేట్ ఇవ్వు, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది, ప్రింటు తీసుకొని షాపులో గోడకి తగిలించుకున్నా పనికొస్తుంది. ఎవరైనా జూనియర్ తీసుకుంటానంటే కోడ్ ఇచ్చేయ్, కానీ జనం డేటా మాత్రం వాళ్ళని అడగకుండా ఇవ్వకు. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు సర్వర్‌లో ఉన్నాయి కదా, అవి వ్యక్తిగత సమాచారం, వాటి గురించి 2023లో చట్టమే వచ్చింది. ఆపిన తర్వాత ఆ సర్వర్‌ని, దాని బ్యాకప్‌లతో సహా తుడిచేయాలి. కనీసం మూడు నెలల గడువు ఇచ్చి, ఆపే తేదీని యాప్ తెరవగానే కనబడేట్టు పెద్ద అక్షరాలతో పెట్టు, నోటిఫికేషన్ అయితే ఎవరూ చదవరు. నీకు తెలిసిన షాపుల వాళ్ళకి మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పు.